కర్నూలు పాత ఊరు: ఇంటి నడుమ ఆకాశం ఎందుకు దాచుకున్నారు, ఎందుకు పోగొట్టుకుంటున్నాం

మా అవ్వకు గడియారం చూడటం రాదు. మిద్దెకు ఒక గవాచి, అంటే వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత, ఉండేది, పొద్దెక్కేకొద్దీ దాంట్లోంచి పడే వెలుతురు గోడ దిగి బండల మీదికి వచ్చేది, అది మూడో బండ దాటి రోలు దగ్గరికి చేరిందంటే ఎసరు పెట్టాలని ఆమె లెక్క. ఎండాకాలానికి ఒక బండ, చలికాలానికి ఇంకో బండ. మబ్బు పట్టిన రోజు మా ఇంట్లో అన్నం ఆలస్యమయ్యేది. ఈ ఇల్లు ఏ పల్లెలోనో కాదు, కర్నూలు వన్‌టౌన్‌లో, ఎదురుగా ఒక మోటారు సైకిలు వస్తే మనం అరుగెక్కి నిలబడాల్సినంత ఇరుకు సందులో ఉంది. బయటి నుంచి చూస్తే సున్నం రాలిన గోడ, ఒక తలుపు, అటూ ఇటూ రెండు అరుగులు, అంతే. లోపలికి పోతే మాత్రం నడిమధ్యలో ఆకాశం. దాన్ని మా ఇంట్లో తొట్టి అనేవాళ్ళు. కోస్తా వాళ్ళు మండువా అంటారు.

కర్నూల్లో కొండారెడ్డి బురుజు తప్ప చూడటానికి ఏముంది అని బయటివాళ్ళే కాదు, మా ఊరివాళ్ళూ అంటారు. బురుజు దగ్గర ఫోటో దిగి మంత్రాలయానికో, అహోబిలానికో, బెలుం గుహలకో బండెక్కుతారు. వాళ్ళకు జవాబు చెబుదామని పాత ఊరి సందులు తిరగడం మొదలుపెట్టిన నాకు, తిరిగేకొద్దీ ఒక ప్రశ్న ఎదురొచ్చింది. మూరెడు జాగా కోసం అన్నదమ్ములు కోర్టుకు పోయే ఊర్లో, ఇంటి నడుమ అంత స్థలం ఎందుకు ఖాళీగా వదిలారు, వదిలిందాన్ని వీధికి కనపడకుండా ఎందుకు దాచారు, ఇప్పుడెందుకు పూడుస్తున్నారు? మూడూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి కానీ మూడింటికీ జవాబులు వేరు. వాటిని కలిపేసి "ఈ కాలం వాళ్ళకు పాతవాటి మీద ప్రేమ లేదు" అనేస్తే పని తేలికవుతుంది, కానీ అది నిజం కాదు.

ముందు ఊరు ఇరుకెందుకైందో చూడండి. ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ, ఆ రెండూ కలిసే మూలలో పాత ఊరు పుట్టింది. అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసుకుపోయే బండ్లు నది దాటేముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకునేవనీ, అందుకే కందెనవోలు అన్న పేరొచ్చిందనీ చెప్పుకుంటారు. తర్వాత విజయనగర రాజుల కాలంలో, అచ్యుతదేవరాయల హయాంలో కోట లేచింది, ఇప్పుడు మనం కొండారెడ్డి బురుజు అనేది దానిలో మిగిలిన ముక్కే. ఆ తర్వాత బీజాపూరు తరఫున అబ్దుల్ వహాబ్ ఖాన్ వచ్చాడు, హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్‌లో ఉన్న సమాధి ఆయనదే. 1839లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకునేదాకా నవాబులే ఏలారు. రెండు నదులు, ఒక కోట, మధ్యలో బజార్లు. ఊరు బయటికి పాకడానికి సందు లేక లోపల్లోపలే దట్టమైంది. ఇల్లూ ఇల్లూ ఆనుకుని, నీ గోడే నా గోడ అన్నట్టు కట్టుకున్నారు. మూడువైపులా పక్కిళ్ళ గోడలే ఉన్నప్పుడు కిటికీ ఎక్కడ పెడతారు? గాలి రావాలన్నా, వెలుతురు రావాలన్నా ఒక్క పైనుంచే రావాలి. ఇది మొదటి కారణం. తొట్టి అంటే డబ్బున్నవాళ్ళ ముచ్చట అనుకుంటాం, ఇరుకే దాన్ని పుట్టించింది.

రెండోది ఎండ. కర్నూలు ఎండ గురించి తెలుగువాళ్ళకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు, ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మాకు మామూలు. తొట్టి ఆ ఎండలో ఎట్లా పనిచేస్తుందో చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు, పైన తెరిచి ఉంటే ఎండ లోపల పడుతుంది కదా, చల్లగా ఎట్లా ఉంటుంది అనుకునేవాణ్ణి. కిటుకు రాత్రి పూట ఉంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే పగలంతా కాగిన బండలు తమ వేడిని నేరుగా పైకి వదిలేస్తాయి. చల్లబడ్డ గాలి బరువుగా ఉంటుంది కాబట్టి తొట్టిలోకి దిగి, గిన్నెలో నీళ్ళు నిలిచినట్టు నిలుస్తుంది, చుట్టూ ఉన్న గదుల్లోకి పాకుతుంది. తెల్లారాక నాలుగు గోడల నీడ ఉంటుంది కాబట్టి ఎండ నేలను తాకేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది, అప్పటిదాకా రాత్రి చల్లదనం దాచుకున్నట్టే. నడిమధ్యాహ్నం తొట్టిలో గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి వీధి సందులోని నీడగాలి తలుపుల గుండా లోపలికి వస్తుంది. అందుకే మా ఇంట్లో మధ్యాహ్నం వీధి తలుపు పూర్తిగా మూసేవాళ్ళు కాదు, ఓరగా వేసేవాళ్ళు. సాయంత్రం బండల మీద నాలుగు బొక్కెనల నీళ్ళు చల్లితే, ఆ నీళ్ళు ఆవిరై పోతూ మిగిలిన వేడినీ పట్టుకుపోయేవి. ఆ వాసన మాత్రం ఏ లెక్కలోనూ చెప్పలేను.

ఇక్కడ ఒకటి గమనించాలి. కోస్తా మండువాకు నాలుగువైపులా పెంకుల చూరు ఉంటుంది, వాననీళ్ళు లోపలికి దూకుతాయి. మాది వాన తక్కువ సీమ, అందుకని మాకు వాలు కప్పు అక్కర్లేదు, మిద్దె చాలు. దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, మట్టి తొక్కి, పైన చవుడు పోస్తారు. వట్టి మన్ను పోస్తే వాన నీళ్ళు ఎందుకు కారవు అని మీకు అనుమానం రావాలి, నాకూ వచ్చింది. చవుటి మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే దానిలోని బంకమన్ను రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. పై పొర తడిసి మూసుకుపోతే కింది పొరకు నీళ్ళు దిగవు. పైగా చవుట్లో గడ్డి మొలవదు, వేళ్ళు కప్పును చీల్చవు. పంట పండని నేల అని తిట్టుకునే మట్టినే తెచ్చి నెత్తిన కప్పుకుని చల్లగా బతికారు మా పెద్దలు, ఈ తెలివి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. వానలకు ముందు ఏటా కొత్త చవుడు పోయాలి, అదొక్కటే చాకిరీ. చదునైన మిద్దె కాబట్టి వేసవి రాత్రులు అందరి పడకా పైనే, ఆ మిద్దె మీదినుంచి ఈ మిద్దె మీదికి మాటలు, ఒకరింటి పిల్లాడు ఇంకొకరి చాప మీద నిద్రపోవడం, ఇవన్నీ ఉండేవి. కింద పరిచిన నాపరాళ్ళు బేతంచెర్ల వైపు నుంచి వచ్చేవి, కాళ్ళకు నున్నగా, వేసవిలో వీపు ఆనించి పడుకుంటే తడిబట్ట కప్పుకున్నట్టు ఉండేవి.

ఇక దాచడం గురించి. అరుగు ఊరిది, తొట్టి ఇంటిది. ఎవరైనా వచ్చి అరుగు మీద కూర్చోవచ్చు, నీళ్ళడగవచ్చు, వాన పడితే తలదాచుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. కానీ లోపల ఆడవాళ్ళు తల ఆరబోసుకుంటారు, వడియాలు పెడతారు, బాలింతకు నీళ్ళు పోస్తారు, ముసలివాళ్ళు ఏడుస్తారు, అది వీధికి సంబంధం లేని విషయం. తిరిగి చూస్తే రెండు రకాల దాపు కనపడింది నాకు. హిందువుల ఇళ్ళల్లో ఎక్కువగా వీధి తలుపు, నడవ తలుపు, పెరటి తలుపు ఒకే వరసలో ఉంటాయి. మూడూ తెరిచి ఉంటే చీకటి నడవ చివర ఒక వెలుతురు ముక్క కనిపిస్తుంది, దూరమే అక్కడ తెర. ముస్లింల పాత ఇళ్ళల్లో తలుపు తీయగానే ఎదురుగా గోడ ఉంటుంది, లేదా పరదా. పక్కకు తిరిగితే తప్ప సహన్, అంటే వాళ్ళ తొట్టి, కనపడదు. ఒకరు లోతుతో దాచారు, ఒకరు మలుపుతో దాచారు. లోపల చేరాక మాత్రం రెండూ ఒకటే: ఎండలో మిరపకాయలు, నీడలో మంచం, మూలన నీళ్ళ తొట్టి, పైన ఆకాశం.

మరి ఇంత దాచినవాటిని బయటివాళ్ళు ఎట్లా పట్టుకోవాలి? బురుజు మీదికి ఎక్కనిచ్చే వేళల్లో ఎక్కి పాత ఊరి వైపు చూడండి. సిమెంటు కప్పుల మధ్య అక్కడక్కడా పచ్చటి తల ఒకటి లేచి ఉంటుంది, వీధిలో నడిచేటప్పుడు మీరు ఆ చెట్టును చూసి ఉండరు. అంటే అది ఎవరింటి నడుమో ఉంది. అట్లా ఒక వేపచెట్టును పైనుంచి గుర్తుపెట్టుకుని, కిందికి దిగి, దాని మొదలు ఎక్కడుందో వెతకడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. కిందినుంచి వెతికేటప్పుడు గోడ అడుగు చూడాలి: గడప పక్కన చిన్న తూము ఉండి, దాని ముందు రాయి అరిగి ఉంటే, తరతరాలుగా లోపల పడ్డ వాననీళ్ళు అట్లా బయటికి వచ్చాయన్నమాట. ఇంకొకటి చెవితో పట్టేది. పొద్దు గూకే వేళ ఏదో గోడ వెనకనుంచి టప్ టప్ అని జొన్నరొట్టె కొట్టే చప్పుడు వస్తుంది. మూసిన గదిలో కొడితే ఆ చప్పుడు అక్కడే మూలుగుతుంది, పైన తెరిచి ఉంటే గంట మోగినట్టు మోగుతుంది.

జొన్నరొట్టె మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు ఈ ఊరంటే ముందు గుర్తొచ్చేది అదే. గోధుమ పిండిలా జొన్నపిండి సాగదు, దానిలో ఆ జిగురు లేదు, అందుకని మసిలే నీళ్ళు పోసి కలపాలి, చేయి కాలుతుంటేనే పిసకాలి, అట్లా చేస్తే పిండి కాస్త ఉడికి పట్టు వస్తుంది. కర్రతో ఒత్తరు, అరచేత్తో కొడుతూ తిప్పుతూ పలచన చేస్తారు, పెనం మీద వేశాక పైన తడిచేత్తో పూస్తారు. సాయంత్రాలు రోడ్ల పక్కన వరసగా కూర్చుని ఆడవాళ్ళు రొట్టెలు చేసి అమ్ముతారు మా ఊర్లో. పొయ్యి ముందు ఒక అక్క, ఆమె పక్కన చెనక్కాయల పొడి డబ్బా, వంకాయ కూర గిన్నె. కొనేవాళ్ళు నిలబడే ఉంటారు, ఆమె ఎవరి మొహమూ చూడదు, కానీ ఎవరి తర్వాత ఎవరో ఆమెకు తెలుసు. ఒకసారి నేను ముందుకు జరగబోతే "నీకన్నా ముందు ఆ పెద్దాయన వచ్చినాడు నాయనా" అంది, తల ఎత్తకుండానే. పొద్దున్నయితే ఉగ్గాని. బొరుగులు నీళ్ళలో వేసి తీసి పిండి, ఎర్రగడ్డలు పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. బొరుగులు ఎంతసేపు నానాలి అనేదే అసలు పనితనం, ఒక్క క్షణం ఎక్కువైతే ముద్ద, తక్కువైతే గొంతుకు అడ్డం. బజ్జీ కొరికి, ఉగ్గాని ఒక పిడికెడు నోట్లో వేసుకుని, పక్కన టీ బంకు దగ్గర నిలబడితే పొద్దున ఏడుగంటలకు అంతకన్నా ఏం కావాలో నాకు తెలియదు.

ఎవరింట్లోకైనా పోవాలంటే ఒకటే మర్యాద. అరుగు దగ్గర ఆగి, కేకేసి, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చేదాకా కూర్చోవాలి. ఫోను జేబులోనే ఉండాలి. అమ్మా, పాత ఇల్లు చూడాలని ఉంది అంటే పదింటిలో ఎనిమిదిళ్ళ వాళ్ళు లోపలికి రమ్మన్నారు, మొదట నీళ్ళిచ్చి, తర్వాత మీదే ఊరు, ఏం చేస్తావు, పెళ్ళయిందా అని అడిగి, చివరికి ఇల్లంతా తిప్పి చూపించారు. రావద్దన్న రెండిళ్ళ వాళ్ళకు వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. ఎవరినీ అడగకుండా కూర్చోగలిగినవి కావాలంటే గుడి ప్రాకారాలు, దర్గా ఆవరణలు ఉన్నాయి. హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ చుట్టూ సాయంత్రం పూట కాసేపు కూర్చుని చూడండి, పక్కనే అంత ట్రాఫిక్ ఉన్నా గుమ్మటం నీడలో మాట మెల్లగా మాట్లాడాలనిపిస్తుంది.

ఇప్పుడు మూడో ప్రశ్న, ఎందుకు పోతున్నాయి. చిక్కుముడి అసలు ఇక్కడుంది.

జనం ముందుగా చెప్పేది వరద. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి పాత ఊరిని ముంచేశాయి. మట్టిగోడకు ఎండ ఎంత ఉన్నా ఫరవాలేదు, వానా తట్టుకుంటుంది, కానీ అడుగునుంచి నీళ్ళు నిలిచి రోజుల తరబడి నానితే నిలబడదు. గోడ కూలితే దూలం పడుతుంది, దూలం పడితే మిద్దె మొత్తం దిగుతుంది. అప్పుడు పడిపోయినవాటిని మళ్ళీ కట్టినవాళ్ళు పిల్లర్లు లేపి స్లాబు వేశారు, భయపడినవాళ్ళను తప్పు పట్టలేం. కానీ వరద రాని వీధుల్లోనూ తొట్టిళ్ళు పోతూనే ఉన్నాయి, కాబట్టి వరద ఒక్కటే కారణం కాదు.

రెండోది ఇల్లు కట్టే నిబంధనలు. ఇప్పుడు ప్లాను కావాలంటే, స్థలం కొలతనూ ముందున్న రోడ్డు వెడల్పునూ బట్టి, ఇంటి చుట్టూ ఇంత అని ఖాళీ వదలాలి. గాలి, వెలుతురు రావాలి, నిప్పంటుకుంటే మనిషి దూరాలి అన్న ఉద్దేశంతో పెట్టింది, మంచిదే. కానీ లెక్క చూడండి. పాత ఇంట్లో ఆ ఖాళీ అంతా కలిపి నడుమ ఒకే చోట ఉండేది, పది మంది కూర్చుని తినేంత. కొత్త ఇంట్లో అదే ఖాళీ ముక్కలై మూడు వైపులా మూడేసి అడుగుల పట్టీలుగా మారింది, దాంట్లో డ్రైనేజీ పైపు, ఏసీ డబ్బా తప్ప ఎవరూ ఉండరు. చుట్టూ వదిలాక చిన్న స్థలంలో మధ్యలో కూడా వదలడం ఎవరివల్లా కాదు. అంటే ఖాళీ జాగా పోలేదు, అది ఇంటి గుండె దగ్గర్నుంచి అంచుకు జరిగింది. నేను తిరిగి తిరిగి తెలుసుకున్నవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, ఎందుకంటే ఇందులో ఎవరి దురాశా లేదు. చిన్న స్థలాల్లో, పాత పేటల్లో పక్క ఖాళీలకు బదులు నడిమి ఖాళీని లెక్కలోకి తీసుకుంటే చాలా ఇళ్ళు మళ్ళీ ఊపిరి పీల్చుకుంటాయని నా గట్టి నమ్మకం.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, భాగాలు. తొట్టిల్లు కట్టింది ఒకే పొయ్యి మీద వండుకునే కుటుంబానికి. చుట్టూ గదులు ఎవరివి వాళ్ళవి, తొట్టి అందరిదీ. గదుల్ని పంచవచ్చు, ఆకాశాన్ని ఎట్లా పంచుతారు? హిందూ కుటుంబాల్లో ఒకప్పుడు కొడుకులే భాగస్థులు, ఇద్దరో ముగ్గురో. ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో కూతుళ్ళకూ పుట్టుకతోనే సమాన హక్కు వచ్చింది, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. ముస్లిం కుటుంబాల్లో ఆడపిల్లలకు వాటా మొదటినుంచీ ఉంది. ఇవి న్యాయమైనవి, మా అత్తలకు ఆలస్యంగా అందినవి. అయితే వాటాదార్లు పెరిగేకొద్దీ, పారీకత్తులో, అంటే భాగాల కాగితంలో, "తొట్టి ఉమ్మడి" అని రాసుకోవడానికి కావలసిన నమ్మకం కూడా అంత ఎక్కువ కావాలి. ఉమ్మడిగా వదిలితే దాన్ని ఎవరూ అమ్ముకోలేరు, ఎవరూ బాగు చేయించరు, చవుడు ఎవరు పోయించాలన్న దగ్గరే మాటలు ఆగిపోతాయి. హద్దులు రాయకపోతే లోను రాదు. చివరికి టేపు పట్టుకుని నడిమధ్యలో గోడ లేపుతారు. గోడ లేచిన రోజే తొట్టి చచ్చిపోతుంది, ఎందుకంటే ఇరవై అడుగుల వెడల్పున్నప్పుడు దిగే చల్లగాలి, వెలుతురు, ఆరేడు అడుగుల చీలికలోకి దిగవు. ఆ చీలికను తర్వాత ఎవరో ఒకరు రేకు వేసి మూసేస్తారు, చీకటి కొట్టు అవుతుంది, పగలే లైటు వేసుకోవాలి, కాబట్టి మొత్తం పడగొట్టి కట్టడమే మేలనిపిస్తుంది. బయటినుంచి చూసేవాళ్ళకు ఆఖరి అడుగు ఒక్కటే కనపడుతుంది.

మా ఇంట్లోనూ అదే జరిగింది. అవ్వ పోయిన రెండేళ్ళకు నాయన, చిన్నాయన కూర్చుని పంచుకున్నారు. గొడవ పడలేదు, గొంతు కూడా పెంచలేదు, పెద్దమనుషులు రాకముందే అన్నీ తేల్చుకున్నారు. అత్త తన భాగం డబ్బుగా తీసుకుంది, పుట్టింటికి వచ్చినప్పుడు తన మంచం వేసే మూల మాత్రం అట్లాగే ఉంచమంది. గదులు అటు మూడు, ఇటు మూడు. తొట్టి మధ్యలో సున్నంతో గీత గీశారు, ఆ గీత సరిగ్గా బావి మీదుగా పోయింది. పూడ్చేద్దామని మేస్త్రీ అన్నాడు. నాయన ఒప్పుకోలేదు, చిన్నాయనా ఒప్పుకోలేదు, బహుశా ఆ రోజు ఇద్దరూ ఒకేమాట అన్నది దాని దగ్గరే. మేస్త్రీ కాసేపు ఆలోచించి, బావి వరకు గోడను రాతి కమాను మీద లేపాడు. ఇప్పుడు బావి సగం మాది, సగం వాళ్ళది. ఇటు ఒక గిలక, అటు ఒక గిలక. కార్పొరేషన్ నీళ్ళు రాని రోజు పొద్దున్నే నేను చేద వదిలితే, కమాను కింద అటువైపు చేద నీళ్ళను తాకిన అలలు వచ్చి నా చేదకు తగులుతాయి. "ఎవరూ?" అని చిన్నమ్మ అడుగుతుంది, గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు వస్తుంది. నేనే అంటాను. "నిన్న ఓళిగలు చేసినా, పిల్లోడితో పంపిస్తా ఉండు" అంటుంది.